వినడానికి తెచ్చుకున్న గడియారం

ఆమెకు పాముచెవులమ్మ అని పేరు పెట్టింది గడియారాల దుకాణం యజమానే. ఆమె ఆయన్ను గురువుగారూ అని పిలిచేది. ఆ గురువుగారి మీదే ఇప్పుడు దావా వేసి కూర్చుంది. ఊరికే వేయలేదు లెండి, చెబుతాను.

ఆ దుకాణంలో అడుగు పెడితే ముందు వాన వినిపిస్తుంది. గోడల నిండా గడియారాలు, బల్ల మీద గడియారాలు, బల్ల కింద కూడా గడియారాలు. అన్నీ కలిసి తెరిపి లేకుండా సన్నగా కురుస్తుంటాయి. పెళ్ళికి ముందు అక్కడ పనిలో చేరిన కొత్తలో ఆమెకు ఒకటే నిద్ర. బల్ల మీదే తల వాల్చేసేది. ఆయన తిట్టేవాడు కాదు.

"పడుకో, పడుకో. సగం నిద్రలో వినబడేదే అసలు చప్పుడు" అనేవాడు.

అక్కడొక పద్ధతి ఉండేది. కుంటే గడియారం, అంటే ఒక టిక్కు పొడుగూ ఒక టిక్కు పొట్టీ అయినది వస్తే, అంత వానలో దాని ఒక్కదాని నడక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకని దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి గోడకు తగిలించి, నాలుగు రోజులు దానితో కాపురం చేయాలి. కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తూ వినాలి. ఎక్కడ సర్దాలో చెవికి దానంతట అదే తెలుస్తుంది. పెళ్ళయ్యాక కూడా ఆమెది ఇదే వరస. బస్సు నడిపి అలిసిపోయి వచ్చిన మొగుడు గోడకేసి చూసి నిట్టూర్చేవాడు.

"వారానికో చుట్టాన్ని తెస్తావు. ఒక్కడైనా నోరు మూసుకుంటాడా?"

ఆమె అక్కడ పనిచేసిన చివరి రోజుల్లో గురువుగారు కుంటే గడియారాలన్నీ ఆమెకే ఇచ్చేవాడు. "నువ్వే విను" అనేవాడు. తన మీద నమ్మకమనుకుని ఆమె పొంగిపోయేది. ఒకనాడు ధైర్యం చేసి, వీధి చివర సొంతంగా చిన్న కొట్టు పెట్టుకుంటానని చెప్పింది. ఆయన తలెత్తలేదు. "నీ ఇష్టం" అన్నాడు.

ఆ తర్వాత ఓ ఉదయం పోలీసులు ఇంటికి వచ్చి గోడ మీద ఉన్న లోలకం గడియారం దించారు. అది ఓ టీచరమ్మ దుకాణంలో మరమ్మతుకిచ్చినది, కుంటుతోందని ఈమె వినడానికి తెచ్చుకుంది. దుకాణం నుంచి దొంగిలించిందని గురువుగారు ఫిర్యాదు ఇచ్చాడట. ఇరుగుపొరుగంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. పోలీసాయన గడియారాన్ని చంకలో పెట్టుకున్నాడు. లోపల లోలకం అద్దానికి తగిలి టంగుటంగుమంటోంది.

"లోలకం తీసి పట్టుకెళ్ళండి బాబూ, దెబ్బతింటుంది" అంది ఆమె. ఇంత జరుగుతుంటే దీనికి గడియారం మీద బెంగేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆమెకు మాత్రం అదంతా ఎవరికో వచ్చిన కలలా ఉంది.

కేసు నడిచి నడిచి చివరికి కొట్టేశారు. సాక్ష్యం చాలలేదన్నారు. వీధికి ఆ ముక్క చాలు. చాలలేదంటే కాస్తో కూస్తో ఉన్నట్టేగా అని చెవులు కొరుక్కున్నారు. ఆమె వీధి చివర తెరిచిన కొత్త కొట్టుకు మనుషులు వచ్చేవారు గాని, "ఇంటికి పట్టుకెళ్ళి విని ఇస్తాను" అనగానే గడియారాన్ని గుండెకు హత్తుకునేవారు.

"ఇక్కడే చూడమ్మా, మేం కూర్చుంటాం."

పక్కన మనిషి కూర్చుని ఊపిరి తీస్తుంటే ఏం వినిపిస్తుంది, నా తలకాయ! ఇంట్లో గోడ మీద మేకు ఖాళీగా ఉండిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు నిద్రే పట్టేది కాదు.

"వదిలేశారుగా, ఇంకెందుకే ఈ కోర్టులు?" అన్నాడు మొగుడు.

"ఇంటికి తీసుకెళ్ళే పద్ధతి తనదేనని ఆయన నోటితో చెప్పాలి. అందాకా నేను దొంగనే."

లాయరమ్మ అంతా విని తల పట్టుకుంది. "మన దావా నిలవాలంటే ఆయన కేసు ఓడిపోయాడంటే సరిపోదమ్మా. దొంగతనం కాదని తెలిసీ, కక్షతో పెట్టాడని చూపించాలి. ఆ పద్ధతికి సాక్షులెవరు?"

"నేనూ, ఆయనా."

విచారణ రోజు కోర్టు గదిలో ఎండ వెచ్చగా పడుతోంది. పైన ఫ్యాను బద్ధకంగా తిరుగుతోంది. ఆమెకు కళ్ళు మూతలు పడ్డాయి. ఆ మగతలోనే గోడ గడియారం చప్పుడు చెవిన పడింది. "అది కుంటుతోందమ్మా" అని లాయరమ్మ చెవిలో చెప్పింది.

గురువుగారు బోనెక్కాడు. బాగా చిక్కిపోయాడు. ప్రతి ప్రశ్నకూ ఎడమ చెవి ముందుకు తిప్పుతున్నాడు. అది చూసి ఆమె ముందుకు వంగింది. ఈయనకు వినబడటం లేదు! "నువ్వే విను" అన్నది అందుకా? వెళ్ళొద్దని ఒక్క మాట అనలేక పోలీసుల్ని పంపాడా? కోపం వచ్చింది, జాలీ వేసింది.

"నా దుకాణం నుంచి గడియారం గడప దాటదు. చెప్పకుండా పట్టుకెళ్ళింది" అంటున్నాడు ఆయన.

లాయరమ్మ ఆయన దగ్గరికెళ్ళి గోడ గడియారం చూపించింది. "ఆ గడియారం నడక బాగుందా?"

"బాగానే ఉంది."

"కుంటుతోందంటున్నారే! ఇంత అనుభవం ఉండి ఆ మాత్రం చెప్పలేరా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఈ గోలలో ఎవడు చెప్పగలడమ్మా? పని తెలియని మాటలు మాట్లాడకండి. కుంటేదాన్ని ఇంటికి పట్టుకెళ్ళాలి, దానితో బతకాలి. నా దగ్గర ఎప్పుడూ అదే పద్ధతి!"

అన్న మాట ఆయనకే అప్పుడు అర్థమైంది. లాయరమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఈమె చేసింది కూడా అదేనా?"

ఆయన పాముచెవులమ్మ వైపు తిరిగాడు.

"నేర్పింది నేనే" అన్నాడు. "ఈ పిల్లకున్న చెవి నాకెప్పుడూ లేదు."

తీర్పు ఆమె వైపే వచ్చింది. టీచరమ్మ కోర్టు నుంచి విడిపించుకున్న లోలకం గడియారాన్ని తిన్నగా కొట్టుకు తెచ్చి, "ఇంటికి పట్టుకెళ్ళి నిదానంగా విను తల్లీ" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె దాన్ని పాత మేకుకే తగిలించింది. మధ్యాహ్నం నడుం వాల్చింది. టిక్కు, టిక్కు. సగం నిద్రలో కుంటు దొరికింది, లేచి సర్దింది. ఎంత చక్కగా నడుస్తోందో గురువుగారికి ఒక్కసారి వినిపించాలనిపించింది. ఆయనకు వినబడదు కదా అని గుర్తొచ్చి, గోడకు చేరగిలబడి ఏడ్చింది.