మూడుసార్లు కడిగిన విత్తనం

మా అవ్వ తుంటి విరిగి మంచాన పడిన చలికాలంలో నేను పిట్టలను చూడడం నేర్చుకున్నాను. ఇష్టపడి నేర్చుకున్నదేం కాదు. అనంతపురంలో డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరక్క, ఇరవై ఆరేళ్లు నెత్తిన పెట్టుకుని ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్నే. అమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్లు. తమ్ముడు బెంగళూరులో లేత్ మిషన్ మీద పనికి కుదిరాడు. నాయన తెల్లారకముందే చేనికి పోయేవాడు. ఇక అవ్వను ఎత్తి కూర్చోబెట్టడానికి, ఒళ్లు తుడవడానికి, ముద్ద కలిపి పెట్టడానికి మిగిలింది నేనే. తొంభైల చివరి మాట ఇది. కొత్తచెరువులో బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే మా ఊరు.

అవ్వ మంచం వెనక వసారాలో వేశాం. ఎదురుగా దొడ్డి. ఒక మునగచెట్టు, ఒక సీతాఫలం చెట్టు, బర్రెకు నీళ్లు పెట్టే రాతితొట్టి, నడుమెత్తు బండల గోడ. అంతకు మించి ఏమీ లేదు. ఆ దొడ్డిలోకి వచ్చే ప్రతి పిట్టతోనూ అవ్వకు చుట్టరికం ఉండేది. గుంపుగా వచ్చి పొద్దస్తమానం పోట్లాడుకునే బూడిదరంగు పిట్టలను ‘తోడికోడళ్లు’ అనేది. తోక కింద ఎర్రగా ఉండే పికిలిపిట్టను ‘పెండ్లికూతురు’ అనేది. గోరింకలంటే మాత్రం ఆమెకు పడదు. “దొంగ ముండలు, నడక సూడు, తాసిల్దారు మాదిరి” అని తిట్టేది. పిట్టలను చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పేది. చాలాసార్లు తప్పేది. తప్పితే ఒప్పుకుంటుందా? “వానకే బుద్ధి లేదు, పిట్టదేమి తప్పు?” అనేది.

అన్నిటికంటే ఎక్కువ ఆమె ఎదురు చూసేది ఒక కుంటికాకి కోసం. ఎడమకాలు సరిగా మోపలేక గోడమీద ఎగురుకుంటూ నడిచేది. మా తాత కూడా కుంటేవాడట.

“మీ తాతరా అది. ఆ నడక సూడు, ఆ పొగురు సూడు” అనేది అవ్వ. “బతికినన్నాళ్లూ నన్ను ముందు తిననిచ్చినాడా? ఇప్పుడూ అంతే.”

అందుకే కాకి ముద్ద తిన్నాకే ఆమె తినేది. నేను సంగటి ముద్ద తెచ్చి గోడమీద పెట్టాలి, కుంటికాకి రావాలి, తినాలి, ఆ తర్వాతే అవ్వ నోరు తెరవాలి. అది ఆలస్యంగా వస్తే నేను కంచం పట్టుకుని కూర్చోవాలి. నాకు ఒళ్లు మండేది. ఏం మాయరోగమో అనుకునేవాణ్ని.

“నేను పోయినాక ఇదే వస్తాది సూడు” అనేది. “ఆకు పెట్టేలోపల వచ్చి ముట్టుతాది. మీ నాయనను ఎదురు సూడనీదు.”

మా వైపు చనిపోయినవాళ్లను చేనిలోనే పూడ్చిపెడతారు. పదకొండో రోజు పెద్దదినం. ఆ రోజు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వేసి, సమాధి దగ్గర పెడతారు. ముందు కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఎవరిమీదో మనసు విరిగినట్టు లెక్క. ఎవరిమీద అని తేల్చి, వాళ్లను పిలిచి, సమాధి ముందు నిలబెట్టి బతిమాలిస్తారు. అవ్వకు ఆ అవస్థ రాకూడదు. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఆ ఏడు చలికాలం ఒక పద్ధతిగా లేదు. పొద్దున మంచు కమ్మి ఎదుటి చెట్టు కూడా కనిపించేది కాదు. మధ్యాహ్నానికి ఎండాకాలం మాదిరి మాడు పగిలేది. సాయంత్రం తూర్పుగాలి కోసేది. ఖరీఫు పంట ఎండిపోయింది కాబట్టి నాయన బోరు కింద ఉన్న ఎకరాలో మళ్లీ వేరుశనగ వేశాడు. విత్తిన మరునాడే కాకులు, గోరింకలు సాళ్లు పెరికి విత్తనం తినసాగాయి. ఆ సాయంత్రం నాయన వసారాలో నిలబడి అరిచాడు.

“ఇట్లే అయితే అన్నిటికీ మందు పెట్టి సంపుతా! ఒగటి మిగలకుండా సంపుతా!”

అవ్వ విన్నది. నేనూ విన్నాను. చేను పాడైన మనిషి కోపంలో అన్న మాట అది. పిట్టను కొట్టడానికి రాయి కూడా ఎత్తేవాడు కాదు మా నాయన.

విత్తనానికి పురుగు పట్టకుండా మందు కలిపి విత్తుతాం. గింజలు ఎర్రగా అవుతాయి. విత్తగా మిగిలినవి ఒక డబ్బాలో పోసి నాయన నా చేతికిచ్చాడు.

“ఈసారి మందు వేరేదిరా. శానా ఇసమని అంగడాయన గట్టిగా సెప్పినాడు. గుంత తీసి పూడ్సు.”

ఊఁ అన్నాను. డబ్బా తీసుకెళ్లి తొట్టి పక్కన పెట్టాను. గుంత తీయలేదు.

మరునాటి నుంచి ముసురు పట్టింది. మూడు రోజులు విడవలేదు. వాన కాదు, తుంపర. బట్ట ఆరదు, పొయ్యి మండదు. దొడ్డిలోకి ఒక్క పిట్ట రాలేదు. గోడమీద పెట్టిన సంగటి కరిగి బండల వెంట కారిపోయేది. అవ్వ ముద్ద ముట్టలేదు. మొదటి రోజు మజ్జిగ తాగింది. రెండో రోజు అదీ వద్దంది. “రాల్యా?” అని అడగడం, కళ్లు మూసుకోవడం, మళ్లీ “రాల్యా?” అనడం. బతిమాలాను, తిట్టాను. “నీ మొగుడికి లేని బాధ నాకెందుకు” అని కంచం విసిరికొట్టాను కూడా. దాచుకోవడం దేనికి, ఆ ముసలిదాని ఆకలికంటే నాకు నా విసుగే ఎక్కువగా ఉండింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. సన్నగా ఎండ పడింది. అప్పుడు నా కంటికి ఆ డబ్బా కనిపించింది. వేరుశనగ గింజంటే కాకి ఎంత దూరం నుంచైనా వస్తుంది.

కరువు సీమలో మిగిలిన విత్తనం ఎవరూ పారెయ్యరు. మందు కలిపినదైనా సరే, మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, వేయించుకుని తింటారు. మూడోసారి నీళ్లు తేటగా వస్తే మందు పోయినట్టే. మా ఇంట్లో ఎన్ని ఏళ్లు తినలేదు అట్లా! ఎవరికీ ఏమీ కాలేదు. నేనూ మూడుసార్లు కడిగాను. మొదటిసారి నీళ్లు ఎర్రగా పోయాయి, రెండోసారి లేత ఎరుపు, మూడోసారి తేట. ఈసారి మందు వేరే అన్న మాట గుర్తులేదని చెప్పను. గుర్తుంది. కడిగాను కదా అనుకున్నాను.

గోడ పొడుగునా, దొడ్డిలో నేలమీదా చల్లాను. ఎన్ని పిట్టలు వచ్చాయో! ముందు గోరింకలు, వాటి వెనకే కాకులు, తోడికోడళ్లు, పిచ్చుకలు. తడిసిన రెక్కలు విదుల్చుకుంటూ, ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ తిన్నాయి. కుంటికాకి చివరికి వచ్చింది. వచ్చి, మిగతా వాటిని పొడిచి తరిమి, ముందు నిలబడి తిన్నది.

“సూడు సూడు, ఆయన జబర్దస్తీ!” అని అవ్వ పకపకా నవ్వింది. ఆ రోజు రెండు ముద్దలు తిన్నది. పప్పు ఇంకొంచెం వేయమంది. నా చెంప నిమిరింది. నాకు భలే గర్వంగా అనిపించింది.

తెల్లవారి మంచు. అవ్వను కూర్చోబెట్టేటప్పుడు దొడ్డి కనిపించలేదు. కాసేపటికి మంచు పలచబడింది. గోడ కింద నల్లగా ఏవో పడి ఉన్నాయి. మొదట పేడకడులేమో అనుకున్నాను. కాకులు. తొట్టి పక్కన గోరింకలు. మునగచెట్టు కింద పిచ్చుకలు. కుంటికాకి ఇంకా చావలేదు. వెల్లకిలా పడి, ఒక రెక్కతో నేలను కొట్టుకుంటోంది.

“పట్టుకోరా! నీళ్లు పొయ్‌రా దాని నోట్లో! ఒరేయ్!” అవ్వ మంచంమీద నుంచి జరగబోయి పట్టె మీదికి ఒరిగింది. నేను కాకిని ఎత్తి నీళ్లు పోశాను. నీళ్లు ముక్కు పక్కనుంచి కారిపోయాయి. నా చేతిలోనే మెడ వాల్చేసింది.

నాయన చేనినుంచి వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. ఆయన దొడ్డంతా చూశాడు, తలగుడ్డ తీసి కూలబడ్డాడు.

“సేన్లో విత్తనం తిన్నాయి. అక్కడా పడుండాయి నాలుగు” అన్నాడు. “నేను పట్టించిన మందే.”

ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు. అవ్వ ఆయన్ను చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు.

“సెప్పి మరీ సంపినావు కదరా, మీ నాయనను.”

అప్పుడు నేను నోరు తెరవాలి. ఒక్క మాట చాలు. తెరవలేదు. గోడమీద నాలుగైదు గింజలు మిగిలి ఉంటే, ఎవరూ చూడకుండా పిడికిట్లోకి తీసుకున్నాను. పార తెచ్చి మోకాలి లోతు గుంత తీశాను. పిట్టలను, డబ్బాలో మిగిలిన విత్తనాన్ని, పిడికిట్లో గింజలను అందులోనే వేసి పూడ్చాను. ఆ రోజు నాకంటే బుద్ధిగా గుంత తీసినవాడు ఊళ్లో లేడు.

అవ్వ ఇంకా పంతొమ్మిది రోజులు బతికింది. ఆ పంతొమ్మిది రోజులూ నాయనతో మాట్లాడలేదు. ఆయన కంచం తెచ్చి నిలబడేవాడు. ఆమె గోడవైపు తిరిగేది.

“అమ్మా, కావాలని సేయల్యామ్మా. ఒగ ముద్ద తిను” అనేవాడు, అరవై ఏళ్ల మనిషి.  ఆయన కంచం నా చేతికిచ్చి బయటికి పోయేవాడు. అప్పుడు ఇటు తిరిగి నా చేతి ముద్ద తినేది. “నువ్వొగనివే మంచోనివి నాయనా” అనేది. తినిపించాను. ఆ మాట విని కూడా తినిపించాను.

ఆమె పోయింది. పెద్దదినం నాడు చేనిలో సమాధి దగ్గర ఆకు వేశాం. ఓళిగలు, వడలు, ఆమెకిష్టమైన వంకాయ కూర. పొద్దున మంచు, ఎవరికీ తొందర లేదు. మంచు పోయి ఎండ వచ్చింది, కాకి రాలేదు. ఎండ పోయి గాలి లేచింది, ఆకు ఎగరకుండా రాళ్లు పెట్టాం. చుట్టుపక్కల ఒక్క కాకి అరుపు లేదు. ఎట్లా ఉంటుంది? మా ఊరి కాకులన్నీ మా దొడ్డిలోనే తిన్నాయి.

“ముసిలామెకు కొడుకుమీద కోపం పోల్యాదప్పా” అన్నారెవరో. నాయనను ముందుకు తోశారు. ఆయన మోకాళ్లమీద కూర్చుని మన్ను పట్టుకున్నాడు. “అమ్మా, తప్పయింది. ఇంగ ఆ మందు ముట్టను. బోరు కింద సెనక్కాయ ఎయ్యను. వచ్చి ముట్టమ్మా” అన్నాడు. మధ్యాహ్నానికి తుంపర మొదలైంది. తుంపరలో కూడా లేవలేదు. చివరికి ఊరి పెద్దమనిషి ఆ ఆకు ఎత్తి ఆవుకు పెట్టించాడు. నేను నాయన పక్కనే నిలబడి గొడుగు పట్టాను.

ఆ తర్వాత అవ్వ మంచం ఉన్న చోట నాయన కూర్చోవడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున గోడమీద ముద్ద పెట్టేవాడు. రెండేళ్లు పిచ్చుకలే తిన్నాయి. మూడో చలికాలంలో ఎక్కడినుంచో ఒక కాకి వచ్చింది, తర్వాత ఇంకొకటి. నాకు కదిరిలో ఒక ప్రైవేటు బడిలో పని దొరికింది, పెళ్లయింది. ఆదివారం ఆదివారం వచ్చేవాణ్ని. వచ్చిన ప్రతిసారీ ఆయన అక్కడే ఉండేవాడు.

ఒక జనవరి పొద్దున, మంచులో, ఆయన నేను వచ్చింది చూసుకోకుండా కాకితో మాట్లాడడం విన్నాను. “తినమ్మా. ఇంగనన్నా నా సేతిది తిను.”  ఏడేళ్లు నోట్లో పెట్టుకున్న మాట బయటికొచ్చేసింది.

“నాయనా, ఆ కాకులను సంపింది నువ్వు కాదు, నేను. మిగిలిన విత్తనం కడిగి నేనే దొడ్లో సల్లినా.”

ఆయన నావైపు తిరగలేదు. కాకి తినేదాకా ఆగాడు. తొట్టి దగ్గర చేయి కడుక్కున్నాడు.

“పంతొమ్మిది దినాలు మా యమ్మ నా సేతి ముద్ద తినల్యా” అన్నాడు. “నువ్వు పక్కనే నిలబడి సూసినావు.”

తలగుడ్డతో తడిచేయి తుడుచుకున్నాడు.

“ఆ పొద్దు గుంత తీయమంటే తీయల్యా నువ్వు. రేపు నా గుంత కాడికీ రావద్దు. మన్ను వెయ్యద్దు. దినానికి రావద్దు.” ఆపి, అదే గొంతుతో, “బర్రెకు నీళ్లు పెట్టినావా?” అన్నాడు.

కోపంలో అన్న మాట కాదది. అందుకే ఆయన దాన్ని మార్చుకోలేదు. జబ్బు పడ్డప్పుడు తమ్ముణ్ని పిలిపించి, ఊరి పెద్దల ముందు మళ్లీ చెప్పాడు. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందరూ ఆస్తి గొడవ అనుకున్నారు. “ఏం సేసినావన్నా?” అని తమ్ముడు అడిగాడు. వాడికీ చెప్పలేకపోయాను.

ఇంకో రెండు చలికాలాలకు నాయన పోయాడు. పెద్దదినం నాడు నేను రోడ్డుమీద కల్వర్టు దగ్గర నిలబడ్డాను. చేనిలో జనం కనిపిస్తున్నారు, తమ్ముడు ఆకు పట్టుకుని వంగడం కనిపిస్తోంది. సిగ్గులేనివాణ్ని, కాకి రాకూడదని మొక్కుకున్నాను. రాకపోతే ఆయన మనసు ఎవరిమీద విరిగిందో వెతుకుతారు. ఎవరో ఒకరు పెద్దకొడుకును పిలవండప్పా అంటారు. నేను పరుగెత్తుకుంటూ పోయి మన్ను పట్టుకునేవాణ్ని.

మంచు అప్పుడే విడిచింది. తమ్ముడు ఆకు కింద పెట్టి చేయి తీయకముందే కాకి దిగింది. దాని వెనక ఇంకో రెండు. “పుణ్యాత్ముడప్పా! ఏ కొరతా లేకుండా పోయినాడు” అని ఎవరో గట్టిగా అన్నారు. అందరూ సంతోషంగా భోజనాలకు లేచారు. నన్ను పిలవాల్సిన పని ఎవరికీ పడలేదు.