మాస్టారు అనని మాట

మా పై అంతస్తు మాస్టారు పోయిన సంగతి నాకు ఒక అమ్మకం ప్రకటనతో తెలిసింది. ఇక్కడ గల్ఫ్‌లో, మనామా పాత బజారులో పాత నోట్లు అమ్మే దుకాణదారు మన తెలుగువాళ్ల గ్రూపులో పెట్టాడు: "స్వర్గీయ మాస్టారు చివరిసారిగా అసలుదని తేల్చిన ఒట్టోమన్ నోటు." ఆయన ఇంకా ఆసుపత్రి మార్చురీలోనే ఉన్నారు. ఊరికి పంపే కాగితాలు ఇంకా తయారు కాలేదు. ప్రకటన కింద మీరంతా దండం బొమ్మలు పెట్టారు.

మాస్టారు ఆ మాట అనలేదు. ఎప్పుడూ అనరు.

ఈసా టౌన్‌లో బడిపిల్లలకి చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఆయన ఆ దుకాణానికి నోట్లు పరీక్షించి పెట్టేవారు. ఒట్టోమన్ తుర్కుల తొలి కాగితపు డబ్బంటే మహా ఇష్టం. చేత్తో రాసి, ఒక్కొక్కదాని మీదా ముద్ర గుద్దినవి. నకిలీలు పెరిగాకే అచ్చుకి మారారట. శుక్రవారం పొద్దున కిటికీ దగ్గర కూర్చుని నన్ను భూతద్దం పట్టుకోమనేవారు. నా మౌనాన్ని లోపమనుకోని పెద్దమనిషి ఆయనొక్కరే. ఎంత మంచి నోటైనా "నాకు తప్పు దొరకలేదు" అనేవారు, అంతే. "అంతకంటే తెలుసంటే అబద్ధమమ్మా."

ప్రకటనలో పెట్టిన ఈ నోటు నేనూ చూశాను. భూతద్దంలో రాతా ముద్రా రెండూ ఒకే రకం సన్నటి చుక్కలు. "గుద్దిన చెయ్యేదమ్మా ఇందులో? ప్రింటరుకి చేతులుండవు," అని నవ్వి, వెనక్కి పంపేశారు.

దుకాణానికి వెళ్లాను. గాజు బల్ల మీద ఆ నోటే ఉంది. పక్కన ప్లాస్టిక్ దండ వేసిన మాస్టారి ఫొటో. అరాద్ ఊరి నుంచి వచ్చిన అరబ్బు పెద్దాయనొకరు బేరమాడుతున్నారు.

"మాస్టారు దీన్ని వద్దన్నారు కదండీ," అన్నాను.

"నీకెందుకు బిడ్డా గివన్ని," అన్నాడు దుకాణదారు. "సారుకు సత్తెమే కూడు. నా దుకాణం కిరాయి ఎవలు కడ్తరు? ఇప్పుడు సారొచ్చి కాదంటడా?"

కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన మర్యాదంతా పక్కన పెట్టి, పెద్దాయన వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను: ఇది నకిలీ, మాస్టారు నా ఎదుటే కాదన్నారు.

పెద్దాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

"ఖలాస్," అన్నాడు దుకాణదారు. "నోరు లేని పిల్లవనుకున్న."

ఫొటో తీసుకున్నాను. అతను ఆపలేదు. బంగారు దుకాణాల సందులో దాన్ని గుండెకి ఆనించుకుని నడిచాను. దండ చూసి జనం పక్కకి తప్పుకున్నారు. సామాన్ల బండి తోసే మనిషొకడు బండి ఆపి, మాస్టారూ నేనూ దాటేవరకు టోపీ తీసి నిలబడ్డాడు.