పడవ అన్న మాట

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నామీద నాకుండిన నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. చదువులో ప్రత్యేక సాయం కావలసిన పిల్లలకు నేర్పే టీచరుగా నన్ను కోట అనే ఊరి దగ్గర, సముద్రం వైపున్న ఒక బడికి పంపారు. అక్కడ నాలుగో తరగతిలో బుజ్జమ్మ అనే పిల్ల ఉండేది. కథ ఒకసారి వింటే పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. బోర్డు మీది మాట రాయమంటే మాత్రం అక్షరాలు గీత దాటి ఎటో పోయేవి, ‘ప’ కాస్తా ‘వ’ అయ్యేది.

“కంటి డాక్టరుకి చూపించినామమ్మా. కండ్లు బాగుండాయన్నాడు. ఇంక దీనికి చదువు రాదు. ఈ ఏడుతో మాన్పించేస్తాం” అంది వాళ్ల అవ్వ, పిల్ల ముందే. బుజ్జమ్మ తల వంచుకుంది.

“చూపు బాగానే ఉంది అవ్వా. చూసిన ఆకారాన్ని పోల్చుకోవడం, దాన్ని చేత్తో దించడం, అక్కడే కష్టం. తెలివికేం లోటు లేదు. కొన్నాళ్లు ఆగు” అన్నాను. (ఆ ధీమా చూసి ఎవరైనా నన్ను మహా అనుభవజ్ఞురాలని అనుకునేవారు. అప్పటికి నేను మొదటి జీతం కూడా అందుకోలేదు.)

పెన్సిలు గీత దాటబోతే వేలికి తెలియాలని, మైదా ఉడికించి కాగితాల మీద ఉబ్బెత్తు గీతలు పోశాను. వరండాలో ఆరబెట్టి లోపలికెళ్లి వచ్చేసరికి ఒక మేక వాటిని తృప్తిగా నములుతోంది. “మేడమ్, మీ ట్రైనింగంతా మేకకే ఇచ్చేసినారే!” అన్నారు హెడ్మాస్టరుగారు. నాకు ఏడుపొచ్చింది. బుజ్జమ్మ మాత్రం పడీపడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదలు. “ఈసారి నేను పోస్తా టీచర్” అంటూ గిన్నె లాక్కుంది.

అప్పట్నించి ఇద్దరం కలిసే చేశాం. ఒక్క వరసే కనబడేలా అట్టముక్కకు కిటికీ కోశాం. బోర్డు మీది పాఠం పెద్ద అక్షరాలతో రాసి ఆమె బల్ల మీదే పెట్టాను. ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పనిమ్మని హెడ్మాస్టరుగారిని బతిమాలాను. సరేనన్నారు.

ఏడాది చివర్లో అవ్వ మళ్లీ వచ్చింది. బుజ్జమ్మ అట్టముక్క జరుపుకుంటూ, చెమట తుడుచుకుంటూ, “ప... డ... వ. పడవ” అని చదివింది. కింద తనే రాసింది. వంకరగానే, కానీ గీత లోపలే.

“నిజంగా అట్నే ఉందా అమ్మా?” అని చదువురాని అవ్వ నన్నడిగింది.

“అట్నే ఉంది అవ్వా.”

అవ్వ మనవరాలి సంచి తన భుజానికి తగిలించుకుని, “వచ్చే ఏడు పుస్తకాలు ఎప్పుడిస్తారో కనుక్కో” అంది ఆ పిల్లతో.

ఆ సాయంత్రం బస్సులో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. “ఏం మేడమ్, కోటలో దిగలేదా?” అన్నాడు కండక్టరు. నేనుండే కోట ఎప్పుడో దాటిపోయింది. చీకటి పడుతుంటే, బస్సు దిగి రోడ్డు పక్కన తనలో తను నవ్వుకుంటూ వెనక్కి నడిచిన అప్పటి నాలోని ఆ కుర్ర టీచరు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఇప్పుడు నేను ఏ స్టాపూ దాటిపోను. ఆమెను తలుచుకుంటే కాస్త అసూయగానే ఉంటుంది.