అవ్వ తినని రొట్టె
మా అమ్మను నేను అవ్వ అని పిలిచేదాన్ని. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. తాండూరు నాపరాళ్ల గనిలో తట్టలు మోసి అవ్వే నన్ను సాకింది. మేమిద్దరం బాప్తిస్మం తీసుకున్నవాళ్లమే.

రజాకార్ల గొడవలు సద్దుమణిగిన కొత్తలో నాకు ఒంటి నిండా అమ్మవారు పోసింది. అవ్వ యేసయ్యకు ప్రార్థన చేసింది. నేను కళ్లు తెరవకపోయేసరికి పోచమ్మకు యాటను, అదే గొర్రెపోతును, మొక్కింది. ఎవరు విన్నారో గానీ నేను లేచి కూర్చున్నాను. అవ్వ మొక్కు చెల్లించింది. యాటను కోస్తే దాగుతుందా? ఆ కబురు వికారాబాదు దాకా పోయింది.

వికారాబాదు నుంచి నెలకోసారి పాదిరి అయ్యగారు రైల్లో వచ్చి మాకు బల్ల ఇచ్చేవాడు. ప్రభువు భోజనాన్ని మేము బల్ల అంటాం. చపాతీ ముక్క, కిస్మిస్ నానేసిన నీళ్లు, అంతే. ఆ నెల ఆయన అవ్వను ఆపాడు.

"మన పాపాల కోసం గొర్రెపిల్ల ఒక్కసారే బలైందమ్మా. ఇంకో యాట ఎందుకు? తప్పయిందని సంఘం ముందర ఒక్క మాట చెప్పి బల్లకు రా."

"తప్పయిందంటే మొక్కును కాదన్నట్టే గద అయ్యగారు. నా బిడ్డ మీదికి అమ్మవారు మల్లొస్తే? నేనైతే అనను."

ఆయన చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా అడిగేవాడు, అవ్వ తల అడ్డంగా ఊపేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఇద్దరూ. బల్లకు దూరమైనవాళ్లు చర్చి గడప అవతల, చెప్పుల దగ్గర కూర్చోవాలి. ఏళ్ల తరబడి అక్కడ అవ్వ ఒక్కతే. పాటలు మాత్రం లోపలివాళ్ల కంటే గట్టిగా పాడేది. బయటికొచ్చే ఆడవాళ్లు ఆమెను పలకరించకుండానే చెప్పులు తొడుక్కునేవారు. లోపల చాప మీద కూర్చుని నేను వెనక్కి తిరిగి తిరిగి చూసేదాన్ని. ఏడుపొచ్చేది.

తర్వాత నన్ను వికారాబాదు హాస్టల్లో చేర్చారు. పెద్దదాన్నయ్యాక అక్కడే మొదటిసారి బల్లకు వెళ్లాను. రొట్టెను నోట్లో పెట్టుకోలేదు. రుమాల్లో కట్టుకుని మధ్యాహ్నం బండికి తాండూరు వచ్చేశాను. అయ్యగారికి తెలిస్తే నన్నూ గడప అవతల కూర్చోబెట్టేవాడు. అవ్వ పక్కన చోటు దొరికేదని అనుకున్నాను.

అవ్వ రుమాలు విప్పి, రొట్టెను మునివేలితో ముట్టింది.

"తిను అవ్వా. ఎవ్వరు జూస్తలేరు."

"పైనున్నాయన జూస్తడు గద. ఇది తింటే తప్పయిందన్నట్టేనే."

"మరి నీకు రక్షణ లేదు, పరలోకం దొరకదంటున్నడు గదా అయ్యగారు?"

"లేకుంటే లేకపాయె. నువ్వు బతికితివి గద బిడ్డా."

ఆ ముక్కను నా నోట్లోనే పెట్టింది. ఎండిపోయిన రొట్టె గొంతు దిగలేదు. చెంబుతో నీళ్లు కూడా అవ్వే అందించింది.

ఆ ఒక్క మాట అనకుండానే అవ్వ పోయింది. అయ్యగారు వచ్చి మట్టి చేయించాడు, ప్రార్థన చేశాడు. పరలోకం మాట మాత్రం ఎత్తలేదు. ఆ రోజు ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే, లోపల నేను ఒక్కదాన్నే.

ఇప్పటికీ బల్లకు వెళ్తాను. మన శిక్షను తన మీద వేసుకుని ఒకడు మన బదులు ఊరి బయటికి వెళ్లాడని పాదిరి చెబుతాడు. అందరూ సిలువ వైపు చూస్తారు. నేను వెనక్కి తిరిగి గడప వైపు చూస్తాను.