వరినారు రంగు లారీ

మా బావ కొత్త లారీని మద్రాసు నుంచి తెచ్చినప్పుడు దానికింకా బాడీ లేదు. ఇంజను, స్టీరింగు, వెనకాల రెండు పొడవాటి ఇనప దూలాలు, ఆరు చక్రాలు, అంతే. ఆ రోజుల్లో లారీని అలాగే అమ్మేవారు. మిగిలినదంతా కొన్నవాళ్ళే కట్టించుకోవాలి. డ్రైవరుకు సీటు కూడా ఉండేది కాదు. బావ ఒక కొయ్యపెట్టెను తాళ్ళతో బిగించి కట్టి, దాని మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, గూడూరు, వెంకటాచలం మీదుగా ఎండలో అంత దూరం నడుపుకుంటూ వచ్చాడు. తోటపల్లి గూడూరు దగ్గర మా పల్లెలో దిగేసరికి మనిషంతా దుమ్ము. నేను చెంబుతో నీళ్ళిస్తే తాగకుండా ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు.

బావంటే మా మేనమామ కొడుకు, నా భర్త. అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. ఈ లారీ కొనేదాకా తొమ్మిదేళ్ళు తను నెల్లూరులో ఒక షావుకారు లారీ నడిపాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. సొంత బండి అయితే ఎప్పుడు పోవాలో ఎప్పుడు తిరిగి రావాలో మన చేతుల్లోనే ఉంటుందని బావ చెబితే నమ్మాను. నాకు లారీ మీద మోజేమీ లేదు. మనిషి ఇంటికి రావాలి, అదే నా ఆశ.

ఏ బండి కొనాలన్న దాని మీద ఇంట్లో చాలా నెలలు వాదన నడిచింది. సేద్యం చూసుకునే పెద్దబావ, అంటే నా భర్తకు అన్న, పెట్రోలు బండే తీసుకుందామన్నాడు. దాన్ని బాగుచేసే మెకానిక్కులు నెల్లూరు నిండా ఉన్నారు, డీజిలు బండి చెడితే మద్రాసుకు పరుగెత్తాలి అన్నాడు. బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నీ విని ఒక్క మాట అన్నాడు.

"ఇసకలో దిగబడితే బండిని లాగాల్సింది ఇంజను అన్నా, మెకానిక్కు కాదు."

చివరికి డీజిలు బండే కొన్నారు. కాగితాలు మాత్రం పెద్దబావ పేరు మీద రాయించారు. అన్న ఉండగా తమ్ముడి పేరు మీద రాయించడం మా ఇళ్ళలో లేదు.

బాడీ కట్టడానికి నెల్లూరులో ఒక వడ్రంగి షెడ్డులో రెండు నెలలు పట్టింది. అత్తను ఆసుపత్రిలో చూపించడానికి వెళ్ళినప్పుడు నేనూ ఆ షెడ్డు చూశాను. టేకు పొట్టు వాసన, మేకుల చప్పుడు. ఎక్కే మెట్టు ఎంత ఎత్తులో పెట్టమంటావని పెద్ద ఆచారి బావను అడిగాడు. బావ నా వైపు చూసి, ఆమె ఎక్కగలిగినంత ఎత్తులో పెట్టమన్నాడు. అందరి ముందూ నన్ను కాలెత్తి చూపించమన్నారు. సిగ్గుతో చచ్చాను. ఆ మెట్టు అంత కిందికి ఎందుకుందని తర్వాత తోటి డ్రైవర్లు బావను ఎగతాళి చేసేవారట.

రంగు విషయం కూడా నన్నే అడిగాడు. వరినారు రంగు అన్నాను. పెయింటరు దగ్గర అలాంటి డబ్బా లేదు. పచ్చలో పసుపు కలిపి, మళ్ళీ కలిపి, నాలుగోసారికి దగ్గరగా తెచ్చాడు. సీటుకు బూరుగుదూది పెట్టి నేనే మెత్త కుట్టాను. పనంతా అయ్యాక మా పాస్టరు గారు వచ్చి బానెట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. అప్పటికే ఆచారి తన చేత్తో దానికి కుంకుమ బొట్టు పెట్టి ఉన్నాడు. మా అత్త దాన్ని తుడవలేదు, తుడవనివ్వలేదు.

మొదటి ఏడాది వడ్లు, ఎరువుల మూటలు, పెంకులు వేశారు. ఆ మరుసటేడు వానలకు పొలం మునిగింది. పెద్దబావ సముద్రం ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళతో మాట్లాడి ఉప్పు లోడ్లు ఒప్పుకుని వచ్చాడు. బావ ముఖం మాడిపోయింది. ఉప్పు ఇనుమును తినేస్తుందని, మూడేళ్ళలో బండి మిగలదని చెప్పాడు. ఇంట్లో తొమ్మిది మంది తినాలి, ఇంకేం చేయమంటావని పెద్దబావ అడిగాడు. మర్నాడే బావ ఉప్పు లోడుకు బయల్దేరాడు.

అప్పటి నుంచి ఉప్పు దించిన ప్రతిసారీ బండిని ఇంటికి తేకుండా నేరుగా కాలువ దగ్గరికి తీసుకుపోయేవాడు. కబురు అందగానే నేను బిందె తీసుకుని వెళ్ళేదాన్ని. పైన నేను నీళ్ళు పోస్తుంటే తను పలకల సందులన్నీ రుద్దేవాడు. తర్వాత గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరి, వాడేసిన ఇంజనాయిల్లో కిరసనాయిలు కలిపి ఇనుమంతా పూసేవాడు. ఒక్కో పట్టీకి, ఒక్కో బోల్టుకు. నేను గట్టున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకునేదాన్ని. నాకు తన పాదాలు మాత్రమే కనిపించేవి.

ఇంట్లో పది మాటలు కూడా మాట్లాడని మనిషి బండి కింద పడుకుంటే తెగ మాట్లాడేవాడు. బిట్రగుంట గేటు దగ్గర ఆగినప్పుడు పొగబండ్ల ఇంజన్లు వరసగా నిలబడి ఆవిరి వదలడం, మద్రాసు బీచి రోడ్డు దీపాలు, కావలి దాటాక ఒకసారి బ్రేకు పట్టక పొలంలోకి దించిన సంగతి. సముద్రం పక్కనే పుట్టినా తనకు ఈత రాదని కూడా అక్కడే చెప్పాడు. నేను ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"నన్ను ఒక తూరి మద్రాసు దాకా తీసకపో బావా."

పాదాలు కదలడం ఆగింది. కింది నుంచి మాట వచ్చింది.

"పోదాం లే మే. ఈ ఉప్పు లోడ్లు అయిపోనీ."

ఉప్పు లోడ్లు అయిపోలేదు. పెద్దవాడు పుట్టాడు, తర్వాత పాప. అత్త మంచాన పడింది. బావ వారాల తరబడి రోడ్ల మీదే ఉండేవాడు. ఊరి మొదట్లో కల్వర్టు దగ్గర తను రెండుసార్లు గేరు మార్చేవాడు. ఆ చప్పుడు కోసం నేను రోట్లో పిండి రుబ్బుతూ మధ్యలో పొత్రం ఆపేదాన్ని. చాలాసార్లు అది వేరే బండి అయ్యేది.

అయిదో ఏట ఒకనాడు బండి కింద ఉన్న బావ మాట మధ్యలో ఆపి బయటికి వచ్చాడు. అరచేతిలో గోధుమరంగు పెచ్చులు. అడ్డపట్టీలోకి స్క్రూడ్రైవరు దిగిపోయిందట. "బిస్కెట్టు మాదిరి ఇరిగిపోతా ఉండాది," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. వెల్డింగు పెట్టించి మరో ఏడాది నడిపాడు. అత్త పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. లారీని నాయుడుపేటలో ఒక ఇటుకల బట్టీ ఆయన కొన్నాడు. ఎక్కడెక్కడ అతుకులున్నాయో బావే అతనికి వేలు పెట్టి చూపించాడు. అందుకు పెద్దబావ నెల రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

అప్పగించాల్సిన రోజు పొద్దున బావ నాతో, పిల్లల్ని మీ అక్క దగ్గర వదిలి నువ్వూ రా అన్నాడు. ఆదివారం గుడికి కట్టుకునే చీర కట్టుకున్నాను. అంత ఎత్తు నుంచి చూస్తే రోజూ చూసే పొలాలే వేరేగా ఉన్నాయి. వెంకటాచలం దగ్గర టీ అంగడి ఆయన అడగకుండానే బావకు టీ ఇచ్చి, నన్ను చూసి ఇంటామేనా అని అడిగాడు. బావ తలూపి నాకు బన్ను కొనిచ్చాడు. గూడూరు దాటాక నేను అడిగాను, నాయుడుపేట ఇంకా ఎంత దూరమని.

"దూరం ఉండాల్నా, దగ్గిర ఉండాల్నా?"

"దూరం ఉండాల," అన్నాను.

బావ బండి వేగం తగ్గించాడు. వెనకాల వచ్చినవాళ్ళంతా హారన్లు కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయారు.

అక్కడ కొత్త డ్రైవరుకు రెండో గేరు ఎలా వేయాలో, చలికాలం ఎంతసేపు వేడెక్కించాలో అరగంట చెప్పాడు. అతను అరగంటా మర్యాదగా విన్నాడు. తిరిగి బస్సులో వచ్చాం. బస్సు ఆగిన ప్రతిచోటా నా పక్కన బావ కుడికాలు తనకు తెలియకుండానే కిందికి నొక్కేది. నేను చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత బస్సు డ్రైవరు ఉద్యోగం దొరికింది. రోజూ చీకటి పడకముందే ఇంటికి వచ్చేవాడు, నూనె మరకల్లేని చేతులతో. నేను ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. కానీ ఇంట్లో బావ మళ్ళీ మూగవాడైపోయాడు. ఈవేళ ఏం జరిగిందని అడిగితే, ఏముంటాది, పోయినాం వచ్చినాం అనేవాడు. మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఆ మనిషి మీదే నాకు బెంగ పుట్టేది. ఇది ఎవరితో చెప్పుకోను?

ఒక సాయంత్రం అరుగు మీద తనకు వీపు పెట్టి కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ, తల తిప్పకుండా ఈవేళ ఏం జరిగిందని అడిగాను. తర్వాత బావ మొదలుపెట్టాడు, కోవూరు దగ్గర బస్సెక్కిన ఒక ముసలామె గురించి, ఆమె బుట్టలోని బాతు గురించి. నేను తిరిగి చూడలేదు. ఆ పూట ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరాను.