కూజా లోపలి మూడు గీతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే ఎక్కువ మర్యాద ఒక మట్టి కూజాకు జరిగేది. తమిళనాడులో తేని పక్కన మా ఊళ్లో, నడవలో ఎత్తుపీట మీద ఉండేది అది. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా మట్టితో తీర్చిన చిలకలు. ఎవరొచ్చినా మా తాతయ్య ఒకటే కథ చెప్పేవాడు. మన పెద్దలు తెలుగు సీమ విడిచి బండ్లు కట్టుకుని వచ్చినప్పుడు ఈ కూజాను గడ్డిలో చుట్టి తెచ్చారట. ఇంత పనితనం ఈ పక్క కుమ్మరులకు ఎక్కడిది అని చివర్లో కలిపేవాడు. మేమంతా నమ్మాం.

మా అత్త పెళ్లికి అరివేణి కుండలు తేవాల్సి వచ్చింది. మా వాళ్లలో కుమ్మరి ఇల్లాలికి ముందు చీర, తాంబూలం ఇచ్చి, ఆ తర్వాతే రంగులు పూసిన ఆ పెళ్లికుండలు అందుకోవాలి. మేళంతో వెళ్లి తెచ్చుకుంటున్నప్పుడు ఆ కుమ్మరి అవ్వ కూడా మాతో వచ్చింది. మామూలు రోజుల్లో ఆమెకు మా పెరటి గుమ్మమే. నడవలోకి రావడం అదే మొదటిసారి.

అప్పుడే తాతయ్య కోయంబత్తూరు నుంచి వచ్చిన వియ్యాలవారికి కూజా కథ చెబుతున్నాడు. అవ్వ చేతిలో కుండ దించి, అలాగే నిలబడిపోయింది. కళ్లు నిండిపోయాయి.

"ఇది మా యమ్మ చేసినాది సామీ. సత్తియంగా! మా నాయన చక్రం తిప్పేది, చిలకలు పెట్టేది మా యమ్మ. బయట గుర్తు పెడితే మామ తిడతాడని, మెడ లోపల మూడు గోటి గీతలు పెట్టేది."

తల్లి పేరు కూడా చెప్పింది, రెండుసార్లు. చేసినవన్నీ అమ్ముకున్నారట, పగిలినవి పగిలాయట, తల్లి చేతిది ఒక్కటైనా తమ ఇంట్లో లేదట. ఆమె కూజా అడగలేదు. ఇది మీ అమ్మదేనని ఒక్క మాట అంటే చాలన్నట్టు తాతయ్య ముఖంలోకి చూస్తూ ఉంది.

వియ్యంకుడు నవ్వాడు. తాతయ్య కూడా నవ్వి, పసిపిల్ల అబద్ధమాడదు కదా అంటూ నన్ను పిలిచాడు. ఆ సన్నటి మెడలో దూరేది నా చెయ్యి ఒక్కటే. అవ్వ ఆశగా నా పక్కన చతికిలబడింది.

"చూడు పాప్పా, మెల్లంగా చూడు."

గీతలు తగిలాయి. ఒకటి, రెండు, మూడు. తలెత్తితే తాతయ్య చూపు నా మీదే ఉంది. ఆ చూపుకు అర్థం మా ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. "ఏమీ లేదు తాతయ్యా" అన్నాను.

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు, కోప్పడనూ లేదు. నా బుగ్గ నిమిరి, "పోనీ పాప్పా, నీ చేతికి అందలేదేమో" అని లేచి వెళ్లిపోయింది. నా అబద్ధాన్ని ఆమే కప్పింది. తాతయ్య నా చేతిలో లడ్డూ పెట్టాడు. తిన్నాను కూడా, సిగ్గులేకుండా.

పెద్దయ్యాక లెక్క తేలింది. అవ్వ తల్లి ఆ కూజా చేసేనాటికి తాతయ్య అప్పటి నా ఈడు పిల్లవాడై ఉండాలి. అది ఇంటికొచ్చిన రోజు ఆయన కళ్లారా చూసే ఉంటాడు. తెలిసే నన్ను పిలిచాడు. తన అబద్ధం నా నోటితో చెప్పిస్తే అది నిజమై కూర్చుంటుందని ఆయనకు బాగా తెలుసు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు.

ఇప్పుడు ఆ కూజా కోయంబత్తూరు సింగానల్లూరులో నా దగ్గరే ఉంది. మొన్నామధ్య మదురై నుంచి ఒక కాలేజీ పిల్ల పాత మట్టిపాత్రల మీద పరిశోధన అంటూ వచ్చింది. ఫోన్ లైటు వేసి లోపల గీతలు చూసి, ఎవరు చేశారో తెలుసా అని అడిగింది. ఇన్నేళ్లకు నిజం చెప్పాను, మా ఊరి కుమ్మరి ఇల్లాలు చేసిందని. ఆ పిల్ల సంబరపడి, పేరేమిటి అమ్మమ్మా అంది.

నోరు తెరిచాను. పేరు లేదు. అవ్వ రెండుసార్లు చెప్పిన పేరది. తర్వాత ఊరికి మనిషిని పంపి అడిగించాను. కుమ్మరులు ఊరు విడిచిపోయి చాలా ఏళ్లయిందట, ఎక్కడికి పోయారో చెప్పేవాళ్లు లేరట.

ఆ పిల్ల తన పుస్తకంలో 'చేసినవారి పేరు తెలియదు' అని రాసుకుంది. ఆ పేరు మా నడవలో అందరం విన్నాం. ఒక్కరం కూడా దాచిపెట్టుకోలేదు.