నీలం చొక్కాలకి జై

ఒంటిచేత్తో దేశాన్ని గెలిపించినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. ఒంటినోటితో ఓడించినవాణ్ణి చూడాలంటే మాత్రం అల్లవరం రావాలండి. రొయ్యల మేత కొట్టు సత్తిబాబు ఎక్కడని అడగండి, నవ్వాపుకుంటూ దారి చూపిస్తారు. ఆ సత్తిబాబుని నేనే.

ఆ రోజుల్లో మా సెంటర్లో నేపాల్ నుంచి వచ్చిన సూరజ్ నూడుల్స్ బండి నడిపేవాడు. ఊరంతా అతని చేతివంట తినేది గానీ, "నువ్వు తిన్నావా?" అని అతన్నడిగిన పాపాన పోలేదు. ఓ రోజు నాకు ప్లేటు అందిస్తూ, "ఆదివారం వెళ్లిపోతున్నానన్నా. హైదరాబాద్‌లో మావాళ్లున్నారు. ఇక్కడ నాకెవరున్నారు?" అన్నాడు. నాకు నూడుల్స్ గొంతుకి అడ్డం పడ్డాయి. బండి పోతోందని సగం బాధ, మనిషి పోతున్నాడని సగం. నిజం చెప్పొద్దూ, బండి వాటా కాస్త ఎక్కువే.

శనివారం సాయంత్రం దక్షిణాసియా ఫుట్‌బాల్ పోటీల్లో మనకీ నేపాల్‌కీ ఆట. "వెళ్లేముందు మాతో కూర్చుని చూడు తమ్ముడూ" అని పిలిచేను. రిటైరైన ఏసుదాసు మాస్టారు చర్చిలో క్రిస్మస్‌కి వాడే ప్రొజెక్టరూ మైకూ తెచ్చి, తన పెరట్లో దుప్పటి కట్టేరు. దుప్పటి చాలలేదు. స్కోరు కనపడే మూల వెళ్లి కొబ్బరిచెట్టు మీద పడింది. జనరేటర్ మోతకి కామెంటరీ వినపడదు.

"ఏది మన జట్టు సత్తిబాబూ?" అన్నారు మాస్టారు.

నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలీదు. తెలీదని చెప్పడం మా ఇంటావంటా లేదు. "నీలం చొక్కాలు మనవేనండి. ఎప్పుడైనా మారేయా?"

"ఆయ్!" అంది పెరడంతా. గుడ్డెద్దు చేలో పడితే ఒక్కటే పడుతుంది. నేను మందనంతా తోలుకెళ్లేను.

ముందు తెల్లచొక్కాలవాళ్లు గోల్ కొట్టేరు. మేం తలలు పట్టుకున్నాం. సూరజ్ ఒక్కడే మర్యాదగా చప్పట్లు కొట్టేడు. "పోనీలెండి, వాళ్ల దేశం కదా" అని పెద్దమనసుతో క్షమించేం. తర్వాత నీలం చొక్కాలవాళ్లు ఒకటి కొట్టేరు, ఆఖర్లో ఇంకొకటి. ఇంక చూస్కోండి! నేను మైకు లాక్కుని జై కొట్టేను. డప్పులు మోగేయి. మాస్టారు పంచె ఎగ్గట్టి గంతులేసేరు.

అప్పుడు కనపడ్డాడండి సూరజ్. తల దించుకుని ఉన్నాడు, భుజాలు కదిలిపోతున్నాయి, కళ్లనిండా నీళ్లు.

నా ప్రాణం ఉసూరుమంది. దేశం ఓడిపోయింది, పరాయి ఊళ్లో ఒక్కడూ, మధ్యలో మా డప్పులొకటి. మైకు పారేసి వెళ్లి భుజం మీద చెయ్యేసేను. "ఊరుకో తమ్ముడూ. ఆటన్నాక ఓడిపోమా? నీకు మేం లేమా? పద, మీ వదిన చేపల పులుసు పెట్టింది, మా ఇంట్లో తిందువుగాని."

అతను నన్ను కావలించుకుని మరీ ఏడ్చేడు.

ఇంతలో మాస్టారు ఫోన్ చూసుకుంటూ వచ్చి, చెవిలో అన్నారు: "ఓడింది మనమేనయ్యా. మనవాళ్లవి ఇవాళ తెల్లచొక్కాలుట."

"ఆయ్?"

"ఆయ్ ఏమిటి నీ మొహం!"

"ఇప్పుడేం చేద్దామండీ?"

"ఏం చేస్తాం? అతిథికి మర్యాద చేసేం అనుకో. డప్పు ఆపించకు."

ఆపించలేదు. సొంత దేశం ఓడినందుకు పొద్దుపోయేదాకా డప్పు కొట్టించిన ఊరు ప్రపంచంలో మాదొక్కటే అయ్యుంటుంది.

ఆదివారం వచ్చింది, బండి కదల్లేదు. ఆ తర్వాతా కదల్లేదు. మా మర్యాదకి మురిసిపోయి ఉండిపోయేడనుకుని నేను మీసం దువ్వేను గానీ, లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. మొన్నామధ్య బండి దగ్గర నూడుల్స్ తింటూ ఉండబట్టలేక నిజం కక్కేసేను.

సూరజ్ గరిటె పక్కన పెట్టి పగలబడి నవ్వేడు. "నాకు ఆవేళే తెలుసన్నా! మీవాళ్లు గోల్ కొడితే మీరు తలలు పట్టుకున్నారు కదా. నా కళ్లనీళ్లు నవ్వాపుకోలేక వచ్చినవే."

"మరి ఎందుకు ఉండిపోయేవయ్యా?"

అతను మళ్లీ గరిటె అందుకున్నాడు. "నేను ఓడిపోయేననుకుని మీరు మైకు పారేసి వచ్చేరు. చెయ్యేసి, భోజనానికి పిలిచేరు. అప్పుడొచ్చినవి మాత్రం నిజం నీళ్లన్నా."

నాకు మళ్లీ నూడుల్స్ గొంతుకి అడ్డం పడ్డాయి. ఈసారి బండి గురించి కాదు.

అంచేత వాడపల్లి వెంకన్న సాక్షిగా ఒట్టేస్తున్నానండి: ఈ జన్మలో ఇక చొక్కా రంగు చూసి జై కొట్టను. ఒట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ స్వామికే ఎరుక. వచ్చే పోటీలకని సూరజ్ నాకో చొక్కా కుట్టించేడు. ఎడమవైపు తెలుపు, కుడివైపు నీలం.